కూర మీద పిటిషన్

ఎల్బీ నగర్,
24 సెప్టెంబర్ 2011, శనివారం.

మహారాజశ్రీ మేనత్త అండాలమ్మ గారి దివ్యసముఖమునకు, మేనల్లుడు మహిపాల్, ఎల్.ఎల్.బి. మూడవ సంవత్సరం (కాలేజీ సమ్మెలో ఉన్నందున ప్రస్తుతం ఏ సంవత్సరమూ కాదు), సాష్టాంగపడి వ్రాసుకొను విన్నపము.

అత్తమ్మా, చూడడానికి రాలేదని కోపం పెట్టుకోకు. రానివ్వడం లేదు. మొన్న గురువారం నిన్ను రెండోసారి స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోతుంటే నేను రిసెప్షన్ దగ్గర కుర్చీ ఎక్కి నాలుగు ముక్కలు మాట్లాడానా, ఆ ఊపులో టోకెన్ల మిషన్ కింద పడిందా (పడేశానని వాళ్ల వాదన, పడిందని నా వాదన), అప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ దవాఖాన గేటు నాకు బంద్. నిన్న ముఖానికి కర్చీఫ్ కట్టుకుని పోయాను. "కర్చీఫ్ మంచిగున్నది మైపాలన్నా, ఇగ ఇంటికి పో" అన్నాడు వాచ్‌మన్ దశరథ.

నీ ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారని, మాట్లాడితే గొంతు గీరుకుంటోందని జంగయ్య మామ చెప్పాడు. ఫోను చేయలేవు గానీ రాయగలవు. ఇరవై ఏళ్లు అంగన్‌వాడీలో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి. అందుకని ఈ ఉత్తరం మామ టిఫిన్ క్యారేజీలో, పప్పు గిన్నె కింద ప్రయాణం చేస్తోంది. జవాబు కూడా అదే బండిలో రాగలదు.

ఇక అభియోగం. ఆగస్టు ఆఖర్లో నీకు అండాశయం క్యాన్సర్ ఆపరేషన్ చేశారు. పేగుకు కూడా అంటుకుందని అక్కడ కొంచెం కోసి కుట్టారు. సెప్టెంబర్ పన్నెండున ఇంటికి పంపేటప్పుడు వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ విజయదుర్గ, గోదావరి జిల్లా నుంచి మనల్ని ఉద్ధరించడానికి వచ్చిన మహాతల్లి, ఏమంది? "వారం రోజులు జావ. తర్వాత కూర అన్నం పెట్టండి. కూర మాత్రం బాగా మెత్తగా ఉడకాలి." ఈ రెండు చెవులతో విన్నాను. ఆమె చెప్పినట్టే వారం జావ తాగావు. ఆమె చెప్పినట్టే నేను కొత్తపేటకు పోయి కూర తెచ్చి పది విజిల్స్ రానిచ్చాను. మూడు పూటలు తిన్నావు. నాలుగో పూటకు కడుపు ఉబ్బి, పచ్చగా వాంతులు. పేగు మూసుకుపోయిందన్నారు.

ఆమె చెప్పింది చేస్తేనే ఇలా అయింది కదా, మరి ముద్దాయి ఎవరు? ఆ ఉద్యోగం ఊడేదాకా నేను గడ్డం గీయనని ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. రెండు రోజులైంది. దురదగా ఉంది. అయినా తగ్గేది లేదు.

పగబట్టిన నీ మేనల్లుడు,
మహిపాల్.

* * *

దవాఖాన, మూడో అంతస్తు,
ఆదివారం, 25-9-2011.

అల్లుడు మైపాల్‌కు అత్త రాసుడేందంటే,

నీ ఉత్తరానికి పప్పంటింది. అయినా సదివిన. నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు గుంజినయ్. మల్ల అసొంటి రాతలు రాయకు. కాదు, రాయి.

పొద్దున పెద్ద డాక్టరమ్మ సూర్యప్రభ ఒచ్చి ఫైల్ తిప్పింది. "వారం జావ, తర్వాత కూరన్నం. పథ్యం సరిగ్గానే చేశారు. మరి పేగు ఎందుకు మూసుకుంది?" అని సిస్టర్‌నడిగింది. పేగులు ఒకదానికొకటి అతుక్కున్నయో, లేకుంటె ఆ రోగమే మల్ల మొలిసిందో, కోసి సూస్తె గాని తెల్వదంట. మల్ల కోస్తరంట అల్లుడా. ఒకపారి కోసిన కాడనే.

ఇగ నీ విజయదుర్గ కథ ఇను. నిన్న ఒచ్చి "కుట్లు లాగుతున్నాయా అమ్మా?" అన్నది. లాగేందమ్మా, నేను సీర కట్టుకున్న గద అన్న. పక్కమంచమామె దిక్కు సూసి పక్కున నవ్వింది. ఈడ నా కడుపు సింపి కుట్టిన్రు, దానికి నవ్వులాట. పొద్దుగాల లేస్తె పౌడర్ రాసుకొని, ముడి ఏసుకొని, "ఎలా ఉన్నారండీ" అనుకుంట ఒస్తది. ఎట్లుంటనే, నీ నోట్ల మన్నువడ.

నాకు నయమైతె అయితది, లేకుంటె లేదు. దాని నౌకరి మాత్రం పోవాలె. నువ్వు లా సదువుతున్నవ్ గద, ఒక్క కాయితం గట్టిగ రాయి. అది సదివినంక ఆమెకు నిద్ర పట్టొద్దు.

మామకు చారు పంపకు. సల్లగైతుంది, తాగుతలేడు.

నీ అత్త,
అండాలమ్మ.

* * *

ఎల్బీ నగర్,
26 సెప్టెంబర్, సోమవారం.

కోపాగ్నితో ప్రకాశించుచున్న అత్తమ్మకు,

నీ ఆజ్ఞ శిరసావహించి పిటిషన్ రాశాను. మూడు ప్రతులు. ఒకటి దవాఖాన సూపరింటెండెంట్ శ్రీరామమూర్తి గారికి, ఒకటి చౌరస్తాలో తెలంగాణ సమ్మె టెంటుకు, ఒకటి నా దగ్గర. ఐదు సెక్షన్లు ఉదహరించాను. అందులో రెండు నిజంగా ఉన్నాయి. ముఖ్యమైన పేరా నీ ఆనందం కోసం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"సదరు సిస్టర్ కూర తినవలెనని ఆదేశించినందున, నేను ది. 20-9-2011 ఉదయం కొత్తపేటలో మేక తొడ మాంసం, ఎముక లేకుండా, స్వయముగా నిలబడి కొట్టించి తెచ్చి, పది విజిల్స్ ఉడికించి, వెనక పండ్లు లేని సదరు పేషెంటుకు మూడు పూటలు కడుపునిండా పెట్టితిని. పేగు కోసి కుట్టిన మనిషికి నెల తిరగకముందే మాంసము పెట్టమనుట అజ్ఞానమా, ఆంధ్రా కుట్రయా? పేషెంటు బాధపడుచుండగా సదరు సిస్టర్ పకపక నవ్వినదని కూడా మనవి."

కుట్ర అన్న మాట టెంటు వాళ్లు ఇచ్చారు. ముందు 'ఆంధ్రా' కూడా వాళ్లే చేర్చారు. వాక్యానికి బరువొచ్చిందని నేనూ ఉంచేశాను. విని వాళ్లు చప్పట్లు కొట్టారు అత్తమ్మా! కాలేజీలో రెండేళ్లు మూట్ కోర్టు ఉత్తుత్తి వాదనల్లో నిలబడితే ఒక్కడూ కొట్టలేదు. బ్యానర్ కూడా రాయిస్తామన్నారు.

బుధవారం పొద్దున సమర్పిస్తాను. మంగళవారం మంచిది కాదని కాదు, జిరాక్స్ షాపు బంద్.

నీ న్యాయవాది,
మహిపాల్.

* * *

మంగళవారం, 27-9-2011.

అల్లుడా,

మంచిగ రాసినవ్. మాంసం ముచ్చట మంచిగ పడ్డది. నవ్విన ముచ్చట ఇంకో రెండు మాటలు పెంచితె బాగుండు.

ఎల్లుండి బేస్తారం పొద్దున తొమ్మిదింటికి కోస్తరంట. రేపు పొద్దుమూకి మామతోటి సంతకం తీసుకుంటరు. పేగు మల్ల కుట్టనీకి రాకపోతె బయటికి తీసి, బొడ్డు పక్కన సంచి కడ్తరంట. జిందగీ మొత్తమో కొన్ని నెలలో, లోపల సూస్తె గాని చెప్పమన్నరు. మామ "సరే సార్" అన్నడు. డాక్టర్ ఆడామె. పాపం, మామకు పరేషాన్ల సార్, మేడం తెలుస్తలేదు.

నీకొక్కనికే చెప్తున్న, మామకు చెప్పకు. నాకు చానా భయమైతంది. పోయినసారి కోసేటప్పుడు ఇంత కాలె. కండ్లు మూస్తె ఆ పచ్చ గుడ్డలే కనవడ్తున్నయ్. అయితె ఒక్కటి కనిపెట్టిన. విజయదుర్గను తిట్టుకున్నంతసేపు భయముంటలేదు. కోపం దిగినంక ఒస్తది. గందుకే నా కోపం దిగనియ్యకు అల్లుడా. బేస్తారం దాక నిలవెట్టు. దాని నౌకరి పోయింది అని రాసి పంపు. అబద్ధమైనా సరే, నిజమనుకుంట.

ఇయ్యాల ఎంగిలిపూల బతుకమ్మ. పక్కమంచమామె బిడ్డ గునుగుపూలు తెచ్చింది. వార్డుల పూలు పెట్టనియ్యమన్నరు. అది కూడ విజయదుర్గ మీదనే రాసుకో.

అండాలమ్మ.

* * *

ఎల్బీ నగర్,
28 సెప్టెంబర్, బుధవారం.

అత్తమ్మా,

శుభవార్త! శుభవార్త! శుభవార్త!

పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర దశరథ చేతికి పిటిషన్ ఇచ్చాను. పదింటికల్లా సూపరింటెండెంట్ గారు కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని చదివారట. పదకొండింటికి విజయదుర్గ ఉద్యోగం ఊడింది. పన్నెండింటికి ఆమె బ్యాగు తగిలించుకుని బయటికొచ్చింది. బస్సులు సమ్మెలో ఉన్నాయి కదా, మిట్టమధ్యాహ్నం నడుచుకుంటూ పోయింది. ముడి ఊడిపోయింది. పౌడర్ చెమటకు కారిపోయింది. వెనక్కి ఒకసారి తిరిగి మూడో అంతస్తు దిక్కు చూసింది, నీ కిటికీ దిక్కే. నేను చూశాను, దశరథ చూశాడు, చెరుకురసం బండి అతనూ చూశాడు. ముగ్గురు సాక్షులు.

కాబట్టి రేపు తల ఎత్తుకుని పో. గెలిచినదానివి. నేను గేటు బయటే ఉంటాను. ఎండ కొట్టినా, పోలీసులు కొట్టినా కదలను.

మహిపాల్.

* * *

బేస్తారం, 29-9-2011. పగటీలి పదకొండు.

మైపాల్,

నన్ను కోయలె. మంచం మీద కూసోని రాస్తున్న. మొదాలు అది తెలుసుకో. ఇగ మిగతాది నిమ్మలంగ సదువు.

నిన్న నీ అబద్ధం సదివి మంచిగ సంబరపడి, కాయితం దిండు కింద పెట్టిన్నో లేదో, విజయదుర్గ నా ముందల నిలవడ్డది. ముడి ముడి లెక్కనే ఉన్నది. చేతిల నీ పిటిషన్. దశరథ దాన్ని ఆఫీసుల ఇయ్యలె. మూడో అంతస్తు ముచ్చటని ఆమె చేతికే ఇచ్చిండు.

"అండాలమ్మగారూ, ఇందులో రాసింది నిజమేనా? మాంసం తిన్నారా మీరు?"

"నువ్వే గద తినుమన్నవ్."

"నేనా! నేను కూర తినమన్నానండీ!"

"మరి కూరనే తిన్న."

"కూరంటే బీరకాయండీ! ఆనపకాయండీ!"

"అది కూరాకు."

"ఏంటీ?"

"బీరకాయది కూరాకు. కూరంటె కూర. యాటది, కోడిది."

ఆమె నీ కాయితం మల్ల ఒకపారి సదివింది. అప్పుడు, "మరి మొన్న మళ్లీ చేరినప్పుడు ఏం తిన్నారని అడిగితే కూరన్నం అన్నారు మీరు. నేను అదే ఫైల్లో రాశాను. డాక్టరుగారు అదే చదివారు" అన్నది.

ఒకల మొఖం ఒకలం సూస్కున్నం. అల్లుడా, రెండుపార్లు ఒక్క మాట. ఒకపారి కడుపుల పడ్డది, ఒకపారి ఫైల్ల పడ్డది. ఇంకో పూటయితె మూడోపారి కత్తి పడేది.

ఆ కాయితం ఆమె చేతిల ఉన్నది. ఆఫీసోళ్లు ఎవలూ సూడలె. అందుల ఆమెను ఎన్ని తిట్లు తిట్టినవో అన్నీ సదివింది. సింపి కుప్పల పడేస్తె అడిగెటోడు లేడు. నోటితోటి చెప్పినా సరిపోతుండె. కని డాక్టరమ్మ నమ్మాలె, తారీకు, తునకలు, విజిల్స్ అన్నీ అందులనే ఉన్నయని, దాన్నే పట్టుకొని లిఫ్ట్ కోసం కూడ ఆగకుండ మెట్ల మీదికెళ్లి ఉరికింది.

డాక్టరమ్మ ఒచ్చి నా నోరు తెరిపిచ్చి పండ్లు సూసింది. నమలని మాసం ముద్ద కుట్టిన కాడ ఇరికుంటదన్నది. గొట్టంల ఏందో మందు పోసింది. రెండు దినాలు ఆగి సూద్దామన్నది. ఆపరేషన్ ఆగింది.

కని కాయితం ఆగలె. డాక్టరమ్మ కాడికెళ్లి శ్రీరామమూర్తి సార్ కాడికి పోయింది. ఆయన ఆ కుట్ర మాట సూసి బెదిరిండు. బయట టెంట్లు, సమ్మె, ఎవలన్న ఒచ్చి అద్దాలు పలగ్గొడ్తరని. పొద్దుమూకంగ ఆమెకు మెమో ఇచ్చిండు. వార్డులకెళ్లి తీసేసిండు. సోమవారం ఎంక్వైరీ అంట.

నీ అబద్ధం ఒక్క పూటల నిజమైంది. నాకు సంబరమైతలేదు.

అత్త.

* * *

ఎల్బీ నగర్,
30 సెప్టెంబర్, శుక్రవారం.

అత్తమ్మా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ప్రతిసారీ ఏదో వెటకారం వచ్చి కూర్చుంటోంది. అలవాటైపోయింది.

నాకు తెలియాల్సింది. కాలేజీ క్యాంటీన్‌లో భీమవరం రవితేజ పక్కన కూర్చుని రెండేళ్లుగా 'దొండకాయ కూర' తింటున్నాను. అక్కడ కూర అంటే దొండకాయ అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చింతల్‌కుంటలో బస్సు దిగి మన గల్లీలోకి రాగానే కూర అంటే మళ్లీ యాటది. దారిలో ఎక్కడ మారుతుందో ఏనాడూ చూసుకోలేదు. ఆ రోజు ఆమె నోట ఆ మాట వింటున్నప్పుడు నేను నిలబడింది దిల్‌సుఖ్‌నగర్‌లో, నా చెవులు మాత్రం ఇంట్లో ఉన్నాయి.

పిటిషన్ వాపసు తీసుకుందామని గేటు దగ్గరికి పోయాను. ఇన్‌వార్డు నంబరు పడి ఆఫీసు రిజిస్టర్లోకి ఎక్కిందట, ఎక్కాక బయటికి రాదట. టెంటుకు పోయాను. బ్యానర్ తయారై ఆరుతోంది. 'ఆంధ్రా నర్సు కుట్ర' అని ఎర్రరంగులో, ఆమె పేరుతో సహా. అది తప్పని చెప్పాను. ఒక్క మాట పొరపాటని చెప్పాను. "మరి కుట్ర అని సంతకం పెట్టింది నువ్వే గదనే?" అన్నారు. తడి ఆరకుండానే బ్యానర్ చుట్టి చంకలో పెట్టుకుని పరిగెత్తాను. వెనక నుంచి "సమైక్యవాదీ!" అని అరిచారు. ఈ నెలలో ఎల్బీ నగర్‌లో మనిషిని అంతకంటే పెద్ద మాట అనలేరు. చొక్కా నిండా ఎర్రరంగు.

పగ తీర్చుకోవడానికి ఒక మనిషి కావాలి. చేతిలో పగ ఉంది, ఎదురుగా మనిషి లేడు. ఏం చేయమంటావో చెప్పు.

మహిపాల్.

* * *

ఆదివారం, 2-10-2011.

మైపాల్,

పొద్దుగాల ఆరున్నరకు నాకు గాలి పోయింది. నవ్వకు. వార్డు వార్డంత సంబురపడ్డది. డాక్టరమ్మ మూడు దినాలసంది పూటపూటకు "గ్యాస్ వెళ్లిందా" అని అడుగుడే. మామ కారిడార్ల ఉరుక్కుంట పోయి "పోయింది మేడం! పోయింది!" అని ఒర్లిండు. ఎవలో సచ్చిపోయిన్రనుకొని నలుగురు లేసొచ్చిన్రు. పదింటికి కడుపు కూడ కదిలింది. గొట్టం తీసిన్రు. ఇగ కోసుడు లేదు. రోగం మల్ల మొలవలే. పేగు మంచిగనే ఉన్నది, ఇరికింది మన మేకనే.

మాపు విజయదుర్గ ఒచ్చింది. డ్యూటీ మీద కాదు, మామూలు సీరల. సంబరంతోటి చెయ్యి పట్టుకోబోయిన. ఇయ్యలె.

"మీరు బాగుపడ్డారు, సంతోషం. నేను మరో పని మీద వచ్చాను. నేను నవ్వానని రాశాడు మీ మేనల్లుడు. అది అతను చూడలేదు. మీరే చెప్పుండాలి" అన్నది.

అవునన్న.

"లాగు అన్న మాటకి నవ్వొచ్చిందండీ. మీ నొప్పికి కాదు. పద్దెనిమిదేళ్లయింది నేనీ ఊరొచ్చి. నా ఇద్దరు పిల్లలూ వనస్థలిపురంలోనే పుట్టారు. ఇన్నేళ్లలో నామీద ఒక్క మాట రాలేదు. ఇప్పుడు నా ఫైల్లో కుట్ర అని ఉంది."

అల్లునితోటి మాఫీ అడిగిపిస్త అన్న. నాకక్కర్లేదన్నది. ఒక్కటే అడిగింది. రేపు ఎంక్వైరీల ఆ పిటిషన్ నువ్వు నిలవడి, నీ నోటితోటి, మొదటికెళ్లి ఆఖరుదాక సదవాలె. ఆమె ఎదురుంగ కూసోని ఇంటదంట. దశరథకు చెప్పింది, నిన్ను లోపటికి ఇడుస్తడు.

పో. పోకపోతె ఈ మంచం మీదికెళ్లి లేసొచ్చి నేనే గుంజుకపోత.

అత్త.

* * *

ఎల్బీ నగర్,
3 అక్టోబర్, సోమవారం.

అత్తమ్మా,

చదివాను.

గదిలో నలుగురం. శ్రీరామమూర్తి గారు, డాక్టర్ సూర్యప్రభ, ఆమె, నేను. నేనొక్కణ్ణే నిలబడ్డాను. "మహారాజశ్రీ" దగ్గర్నుంచి మొదలుపెట్టాను. టెంటులో చప్పట్లు పడిన చోట ఈ గదిలో ఫ్యాను చప్పుడు వినబడింది. 'పకపక నవ్వినదని' అన్నప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. 'ఆంధ్రా కుట్రయా' అన్నాను.

"వినబడలేదండీ" అంది.

మళ్లీ చదివాను.

"ఇంకొక్కసారి."

మూడోసారి కాగితంలోంచి తల ఎత్తకుండా చదివాను.

"ఇది మీరు నమ్మారా?" అంది.

"లేదు."

"మరెందుకు రాశారు?"

అబద్ధాలు చాలా తట్టాయి అత్తమ్మా. సెక్షన్లు కూడా తట్టాయి. కానీ నోట్లోంచి నిజమే వచ్చింది. "బాగుందని" అన్నాను.

డాక్టరమ్మ తల దించుకుంది. శ్రీరామమూర్తి గారు పెన్ను మూత పెట్టి తీసి పెట్టి, పొరపాటు మాటలోదేనని, రేపటి నుంచి సిస్టర్ డ్యూటీకి రావచ్చని అన్నారు. ఇకమీద డిశ్చార్జ్ కాగితంలో ఏ కూరగాయో పేరు పెట్టి రాయాలన్నారు. మెమో సంగతి అడిగాను. మెమో మెమోయేనట. పైనున్న మేనేజ్‌మెంట్‌కు ఒక ప్రతి వెళ్లిపోయిందట. వచ్చే ఏడాది ఆమెకు నర్సింగ్ సూపర్‌వైజర్ అయ్యే వంతు వస్తుంది. ఫైల్లో మెమో ఉంటే రాదు.

బయటికొచ్చాక మెట్ల దగ్గర క్షమించమన్నాను. ఆమె ఆగింది.

"క్షమించనండీ. మీ అత్తగారి మీద నాకు కోపం లేదు. ఆవిడ భయపడి అన్నారు. మీరు సరదాపడి రాశారు."

అని మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. దశరథ వచ్చి నీళ్లు తాగుతావా అన్నాడు.

మహిపాల్.

* * *

బుధవారం, 5-10-2011.

మహిపాల్‌కు,

రేపు దసరా, నన్ను ఇయ్యాలనే ఇంటికి పంపుతున్నరు. డిశ్చార్జ్ కాయితం విజయదుర్గనే సదివి చెప్పింది. పెసరపప్పు, ఆనిగెపుకాయ, బీరకాయ, ఒక్కొక్కటి పేరు పెట్టి. నా దిక్కు ఒక్కపారి కూడ సూడలె. పని మాత్రం ఏ లోటు లేకుండ చేసింది. పగవట్టుడు అంటె అట్ల పట్టాలె. మనం పట్టింది పగ కాదు, పండుగ చేసుకున్నం.

నేను కూడ తక్కువేం తినలె. నౌకరి పోవాలె అన్నది నేనే. నవ్వింది అని చెప్పింది నేనే. అబద్ధం రాయమన్నది నేనే. అందుకే నిన్న నా చేతితోటి, అక్షరం అక్షరం దిద్ది, తప్పు మాది అని శ్రీరామమూర్తి సార్‌కు కాయితం ఇచ్చిన. దానికి కూడ నంబరు ఏపిచ్చిన. నా వంతు అది. కని కుట్ర అన్న మాట నాది కాదు. దాన్ని నా కాయితం కొట్టెయ్యలేదు. నీ చెయ్యే కొట్టెయ్యాలె.

ఆమెకు మల్ల సారీ చెప్పనీకి పోకు. ఆమె పగ ఆమెకుండనీ, అది ఆమె సొమ్ము. అది కూడ గుంజుకోకు. నీ పని మెమో. శ్రీరామమూర్తి సార్ కాడ మొదలువెట్టు. ఆయన కాదంటె మేనేజ్‌మెంట్ కాడికి పో. ఆళ్లు కాదంటె కోర్టుకు పో, లా సదువుతున్నవ్ గద, నీ పిటిషన్ మీద నువ్వే కేసెయ్యి. సంవత్సరం పట్టినా సరే. మెమో కొట్టేసినమని సంతకం పెట్టిన కాయితం చేతిల ఉన్ననాడే నా గడప ఎక్కు. అప్పటిదాక నాకు మేనల్లుడు లేడు, నీకు మేనత్త లేదు. మామ తోటి ఉత్తరాలు గిట్ల పంపకు, నేను ఇప్ప.

పండుగ అయినంక శుక్రవారం పది గంటలకు ఆఫీసు తెరుస్తరంట. తొమ్మిదిన్నరకే పోయి కూసో.

అండాలమ్మ,
అంగన్‌వాడీ టీచర్.